ఎలుక కాదు

"బొమ్మ చూస్తే ఎలుకలా ఉంది మాస్టారూ. సంచి జంతువులంటే పిల్లలకి కంగారూ తెలుసు. దాని మీద రాసివ్వండి, వచ్చే నెలలోనే వేసేద్దాం."

ఇరవై ఏళ్ళ కిందట ఓ పిల్లల పత్రిక సంపాదకుడు ఫోన్లో నాతో అన్న మాట ఇది. చిలీ అడవుల్లో బతికే ఓ చిన్న ప్రాణి గురించి రాసి పంపితే, వ్యాసం తిరుగు టపాలో వచ్చేసింది. ఎందుకని అడిగితే ఈ జవాబు. ఆయన మర్యాదగానే మాట్లాడారు. అయినా ఆ మాట ముల్లులా ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది. అది ఆయనొక్కరి మాట అయితే ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి. ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకి జువాలజీ చెప్పాను. నేను చదువుకున్న పుస్తకాల్లోనూ, తర్వాత పాఠం చెప్పిన పుస్తకాల్లోనూ మార్సూపియల్స్, అంటే సంచి జంతువులు, అనగానే ఆస్ట్రేలియా పటం, మధ్యలో కంగారూ, పక్కన కోలా. దక్షిణ అమెరికా వంతు వచ్చేసరికి "ఇక్కడ ఒపోసమ్ కూడా కనిపిస్తుంది" అని ఒక్క వాక్యం. ఆ "కూడా" దగ్గరే నా బాధంతా.

ఆ "కూడా" కింద వందకు పైగా జాతులున్నాయి. బ్రెజిల్ ఎండు పొదల్లో కొన్ని, అమెజాన్ చెట్ల కొమ్మల మీద కొన్ని, అండీస్ కొండల చలి నాచులో కొన్ని, పటగోనియా గాలి మైదానాల్లో కొన్ని. ఎక్కువ భాగం అరచేతిలో పట్టేవే. కొన్నిటికి మనం అనుకునే ఆ సంచి కూడా ఉండదు. మార్మోసా, థైలామిస్, మోనోడెల్ఫిస్ వంటి వాటిలో తల్లి పొట్ట మీద చనుమొనలు బయటికే ఉంటాయి, పిల్లలు వాటిని నోట కరుచుకుని వేలాడుతూ పెరుగుతాయి. మామూలు ఎలుకకి నోట్లో 16 పళ్ళు. ఒపోసమ్ కుటుంబంలో దేనికైనా 50. ఒక్కసారి నోరు తెరిపించి చూస్తే చాలు, ఎలుక అన్న మాట వెనక్కి తీసుకోవలసిందే. చూడరు, అదీ సంగతి.

నేను రాసి పంపిన ప్రాణి పేరు మోనితో దెల్ మోంతే. స్పానిష్‌లో కొండ చిట్టికోతి అని. కోతితో దానికి ఏ చుట్టరికమూ లేదు. ఒళ్ళు బూడిద గోధుమ రంగు, తెల్లటి మచ్చలు, కంటి చుట్టూ నల్లటి వలయం, చిన్న గుండ్రటి చెవులు. బరువు 20 నుంచి 40 గ్రాములు, అంటే కోడిగుడ్డుకన్నా తక్కువే. అండీస్‌కీ పసిఫిక్ సముద్రానికీ నడుమ దక్షిణ చిలీలోనూ, కొండ దాటాక అర్జెంటీనా అంచులోనూ ఉన్న వానల అడవి దీని ఇల్లు. ఉత్తరాన ఎడారి, తూర్పున కొండలు, ఆ కొండల అవతల ఎండు మైదానం, పడమట సముద్రం. నేల మీద ఉన్నా ఆ అడవి ఓ లంకే. అందుకే ఇంకెక్కడా మిగలనివి అక్కడ మిగిలాయి.

చలికాలం ముందు ఈ మోనితో తిండి తెగ తిని, తోక మొదట్లో కొవ్వు పేర్చుకుంటుంది. సన్న వెదురు ఆకులు తెచ్చి, వాన లోపలికి దిగకుండా ఉండలా గూడు అల్లి, లోపల నాచు పరుస్తుంది. అందులో కొన్ని కలిసి ఒకదాన్నొకటి హత్తుకుని ముడుచుకుంటాయి. ఒళ్ళు చల్లబడిపోతుంది. కదలికే ఉండదు. చలి తగ్గాక మళ్ళీ లేస్తాయి. చిలీ పల్లెల్లో ఇది ఇంట్లో కనబడితే అరిష్టమనీ, ఇల్లు తగలబెట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారనీ చెబుతారు. గుడ్లగూబ అరుపుకి మన ఊళ్ళో భయపడ్డట్టే అక్కడ దీన్ని చూసి భయపడ్డారు. కానీ ఆ అడవిలో అది చేసే పని చూడండి.

మన మామిడి చెట్ల మీద బదనిక ఉంటుంది కదా, ఆ కుటుంబానికి చెందిన ఒక మొక్క అక్కడి చెట్ల మీదా ఉంది. అక్కడివాళ్ళు కింత్రాల్ అంటారు. బదనిక గింజకి నేల పనికిరాదు, కొమ్మ మీదే పడాలి, అక్కడే అతుక్కోవాలి. మన దగ్గర ఆ పని చిన్న పిట్టలు చేస్తాయి. పటగోనియా వానల అడవుల్లో ఎవరు చేస్తున్నారో చాలాకాలం అంతుపట్టలేదు. అక్కడ ఆ పండు పండినా ఆకుపచ్చగానే ఉంటుంది, పిట్టలకి కళ్ళబడదు. 2000లో అర్జెంటీనా శాస్త్రవేత్తలు గిల్యెర్మో అమికో, మార్సెలో ఐజెన్ నేచర్ పత్రికలో జవాబు చెప్పారు. రాత్రిపూట మోనితో ఆ పళ్ళు మింగుతుంది. గింజలు దాని కడుపులోంచి దాటి, జిగురుతో ఒకదానికొకటి అంటుకుని, పూసల దండలా కొమ్మ మీద పడతాయి. అక్కడే మొలుస్తాయి. దాని కడుపు దాటని గింజ మొలవదు. ఆ మొక్క చలికాలంలో కూడా పూస్తుంది. ఇంకేమీ పూయని ఆ రోజుల్లో అక్కడి తేనెపిట్టకి ఆ పువ్వే ఆధారం. అడవి ముక్కలైపోయి మోనితో పోయిన చోట్ల గింజలు చల్లేవాళ్ళే లేక ఆ మొక్క కొత్తగా మొలవడం ఆగిపోయింది. ఇంత చిన్న ప్రాణి మీద ఒక మొక్క, ఆ మొక్క మీద ఒక పిట్ట, ఆ పిట్ట మీద మరెన్ని పూలో. దీన్ని చూసి పిల్లలు ఆశ్చర్యపోరని ఎలా అనుకున్నారు?

ఇంతకన్నా పెద్ద కథ దాని చీలమండలో ఉంది. 1894లో ఓల్డ్‌ఫీల్డ్ థామస్ చిలొయె ద్వీపం నుంచి వచ్చిన నమూనా చూసి దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. అప్పటికే అర్జెంటీనాలో ఫ్లొరెంతీనో అమెగీనో పటగోనియా రాళ్ళలో దొరికిన చిన్న చిన్న దవడల్ని చూసి మైక్రోబయోథీరియం అనే పాత జీవికి పేరు పెట్టి ఉన్నాడు. అది ఎప్పుడో అంతరించిన వంశమని అందరి లెక్క. ఆ రెండిటినీ కలిపి చూసింది ఒస్వాల్దో రైగ్, 1955లో. ఆ వంశం అంతరించలేదు, చిలీ వెదురు పొదల్లో బతికే ఉందన్నాడు. 1982లో ఫ్రెడరిక్ సాలె ఇంకో మెట్టు ఎక్కాడు. కాలి మడమ ఎముకా దాని పై ఎముకా కలిసే చోట అమెరికా ఒపోసమ్‌లకి రెండు వేర్వేరు ముఖాలుంటాయి. మోనితోకి అవి కలిసిపోయి ఒక్కటే. అలా ఒక్కటిగా ఉండేది ఆస్ట్రేలియా మార్సూపియల్స్‌కి. కొండ చిట్టికోతి దగ్గరి బంధువులు తన పక్క అడవిలో లేరు, పసిఫిక్ అవతల ఉన్నారు. 2010లో జన్యువుల్లో చోటు మార్చే తునకల్ని లెక్కకట్టినప్పుడూ అదే తేలింది. ఆస్ట్రేలియా మార్సూపియల్స్ అన్నీ ఒకే కొమ్మ, ఆ కొమ్మకి పక్క రెమ్మ మోనితో. వలస దక్షిణ అమెరికా నుంచి ఆస్ట్రేలియా వైపు జరిగింది.

దారి ఎటు? అంటార్కిటికా మీదుగా. అప్పుడక్కడ మంచు లేదు, అడవి ఉండేది. అంటార్కిటికా కొమ్ములాంటి భాగం పక్కన సీమోర్ అనే దీవి ఉంది. అక్కడి నాలుగైదు కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళలో మార్సూపియల్ పళ్ళు, దవడలు దొరికాయని 1982లో ప్రకటించారు. తర్వాత మోనితో వంశపు పళ్ళూ అక్కడే దొరికాయి. చివరికి ఖండాలు విడిపోయాయి, సుమారు 3 కోట్ల 40 లక్షల ఏళ్ళ కిందట అంటార్కిటికా మంచు కప్పుకుంది, దారి మూసుకుపోయింది. అటు వెళ్ళినవాటి సంతానం కంగారూలయింది, కోలాలయింది, పటాలకెక్కింది. ఇటు పుట్టింట్లో మిగిలినవి మాత్రం "కూడా" అయిపోయాయి.

ఆ దక్షిణ భూఖండాల కూటమిని గోండ్వానా అంటున్నాం. 1885లో ఎడ్వర్డ్ సూస్ ఆ పేరు వాడేటప్పటికే మన దేశపు భూగర్భ శాస్త్రజ్ఞులు గోండుల నేలలోని రాతిపొరలకి ఆ పేరు పెట్టి ఉన్నారు. మన ఆదిలాబాద్ గోండుల పేరే అది. సింగరేణి బొగ్గు ఉన్నది ఆ పొరల్లోనే. మన నేల మాత్రం 12, 13 కోట్ల ఏళ్ళ కిందటే ఆ గుంపు వదిలి ఉత్తరానికి బయల్దేరింది. సంచి జంతువులు దక్షిణానికి దిగేసరికి మనం సముద్రంలో ఒంటరిగా ఉన్నాం. వికారాబాద్ దగ్గర నస్కల్‌లో దొరికిన ఆ కాలపు పళ్ళు కూడా సంచి జంతువులవి కావు. అందుకే మనకి ఇవి లేవు. లేవు కాబట్టి మనకెందుకు అనే మాట నేను చాలాసార్లు విన్నాను. మన గోండుల పేరు మోసే భూఖండం మీద నడిచి వెళ్ళిన ప్రాణుల కథ మనకి కాకుండా పోతుందా?

ఏ ప్రాణి ఎక్కడుందో చెప్పడం అంటే ఊరి పేర్ల పట్టిక రాయడమని పిల్లలు అనుకుంటారు. మనం అలాగే చెప్పాం, తప్పు మనదే. ఎక్కడుందన్నది ఎందుకుందన్నదానికి జవాబు. కీనోలెస్టిడ్‌లనే కుటుంబాన్ని చూడండి. చుంచులా పొడుగు మూతి, కింది దవడలో ముందుకు పొడుచుకొచ్చిన రెండు పళ్ళు. వెనెజులా నుంచి ఉత్తర పెరూ దాకా అండీస్ చలి అడవుల్లో ఒక గుంపు. దక్షిణ పెరూ, బొలీవియాల్లో ఇంకొకటి. ఆ తర్వాత రెండు వేల కిలోమీటర్ల పైన ఏమీ లేదు. మళ్ళీ చిలీ అడవుల్లో, చిలొయె దీవిలో మూడోది. మధ్యలో ఏమైనట్టు? పటగోనియా రాళ్ళలో వీటి బంధువుల దవడలు కొల్లలుగా ఉన్నాయి. ఒకప్పుడు ఆ ఖండపు దక్షిణాన ఇవి మామూలు ప్రాణులు. కొండలు లేచి, నేల ఎండి, చలి పెరిగి, తడి అడవులు ఎక్కడ మిగిలాయో అక్కడే ఇవీ మిగిలాయి. మూడు గుంపుల మధ్య ఉన్న ఆ ఖాళీ ఒక ఖండపు వాతావరణ చరిత్ర. 1895లో థామస్ అవి అంతరించిన వంశపు శేషమని గుర్తించాడు. అయినా వీటిలో కొత్త జాతులు దొరుకుతూనే ఉన్నాయి, 2013లో ఈక్వడార్‌లో ఒకటి.

అమెజాన్‌లోనూ అంతే. నది అటు ఒడ్డున ఒక కోతి, ఇటు ఒడ్డున ఇంకో కోతి అని 1852లో ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ రాసినప్పటినుంచి నదులే హద్దులని నమ్మకం. జేమ్స్ ప్యాటన్, ఆయన తోటివాళ్ళు జురువా నది పొడుగునా తిరిగి చిన్న మార్సూపియల్స్‌నీ, ఎలుక జాతుల్నీ పట్టి జన్యువులు చూశారు. 2000లో వచ్చిన వాళ్ళ గ్రంథం ప్రకారం చాలా జాతుల్లో తేడా ఆ ఒడ్డుకీ ఈ ఒడ్డుకీ మధ్య లేదు. నది ఎగువకీ దిగువకీ మధ్య ఉంది. అక్కడ భూమి లోపల ఒక పాత మిట్ట ఉంది, పైకి కనబడదు. నది కన్నా పాతదైన ఆ హద్దు ఇన్నేళ్ళ తర్వాత కూడా అరచేతిలో పట్టే ప్రాణుల రక్తంలో నిలిచి ఉంది. జాగ్వార్‌లూ మకావ్‌లూ ఎంత అందమైనవైనా, దూరాలు తిరిగేవి. నేల కథ చెప్పగలిగేది చోటు వదలని చిన్నవే.

మా కాలేజీ పాత భవనం అటక మీద గుడ్లగూబలు ఉండేవి. ఏటా పిల్లల చేత వాటి కింద పడి ఉన్న ఉండలు ఏరించేవాణ్ణి. గుడ్లగూబ ఎరని ముక్కలు చేయకుండా మింగి, అరగని జుట్టూ ఎముకలూ ఉండగా కక్కేస్తుంది. బొటనవేలంత, నల్లగా, ఆరితే తేలిక. నీళ్ళల్లో నానబెట్టి, పట్టకారుతో మెల్లగా విప్పితే బూడిదరంగు జుట్టులోంచి పుర్రెలు, దవడలు ఒక్కొక్కటే బయటపడతాయి. మాకు దొరికేవి పొలం ఎలుకలు, చుంచులు. పటగోనియాలో ఇదే పని చేసేవాళ్ళకి అప్పుడప్పుడూ వేరే దవడ దొరుకుతుంది. వెలుతురుకి పెట్టి చూస్తే దాని వెనక మూల లోపలికి వంగి ఉంటుంది. ఎలుక దవడలా ముందు పళ్ళకీ దవడ పళ్ళకీ మధ్య ఖాళీ ఉండదు. చిన్న చిన్న ముందు పళ్ళు వరసగా, పక్కన కోర, దాని వెనక సూదుల్లాంటి దవడ పళ్ళు. లెస్టోడెల్ఫిస్ హాలి. పటగోనియా ఒపోసమ్.

1921లో థామస్ దీనికి పేరు పెట్టాడు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు లోకంలో ఉన్నవి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగే నమూనాలే. అది ఎక్కడెక్కడ ఉందో మనకి తెలియజెప్పింది ఎక్కువగా గుడ్లగూబలే. అది 48 డిగ్రీల దక్షిణ అక్షాంశం దాకా ఉంది. ఏ కంగారూ, ఏ టాస్మేనియా డెవిల్ తన నేల మీద అంత దక్షిణాన లేదు. భూమి మీది సంచి జంతువులన్నిటికన్నా దక్షిణాన, ఆ గాలిలో, ఆ చలిలో, తోకలో కొవ్వు దాచుకుని, ఎలుకల్ని వేటాడి తినే ప్రాణి ఇది. దాని బొమ్మ వేసిన తెలుగు పుస్తకం ఒక్కటి కూడా నా చేతికి రాలేదు.

పెద్దవాటి మీద చూపే శ్రద్ధలో పదోవంతు వీటి మీద చూపి ఉంటే ఎన్ని పొరపాట్లు తప్పేవో. 1933లో జి. హెచ్. హెచ్. టేట్ ఈ చిన్నవాటిని ఎక్కువగా మార్మోసా అనే ఒక్క మూటలోనే కట్టాడు. ఆయన శ్రమ గొప్పదే, ఆనాటికి తెలిసింది అంతే. ఆ మూట విప్పి ఎవరెవరో వేరుచేయడానికి రాబర్ట్ వాస్, షారన్ జాన్సా వంటివాళ్ళకి ఈ శతాబ్దం దాకా పట్టింది. అర్జెంటీనాలోని ఫొర్మోసాలో 1920లో దొరికిన ఒకే ఒక్క నమూనా, 2004లో గానీ చాకోడెల్ఫిస్ అని తనకంటూ ప్రజాతి పేరు తెచ్చుకోలేదు. ఒపోసమ్ కుటుంబంలో అన్నిటికన్నా చిన్నది అదే. దాని మిగతా ఆచూకీ చెప్పిందీ గుడ్లగూబ ఉండలే.

ఇంకోదాని కథ చెబితే కడుపు తరుక్కుపోతుంది. 1962లో అర్జెంటీనా వాయువ్యంలో హుహుయ్ ప్రాంతంలో ఒక చిన్న మగ ఒపోసమ్‌ను పట్టారు. 2002లో అది వేరే జాతి అని ఇగ్నిటస్ అని పేరు పెట్టారు. అప్పటికి అక్కడి అడవి పొలాలైపోయింది. మళ్ళీ కనబడలేదు కాబట్టి అంతరించిన జాతుల జాబితాలో చేర్చారు. అమెరికా మార్సూపియల్స్‌లో మన కళ్ళముందే పోయినదని దాన్ని చూపించేవాళ్ళు. నేనూ క్లాసులో అలాగే చెప్పాను. 2019లో దాని పుర్రెనీ తోలునీ ఓపిగ్గా పోల్చి చూసినవాళ్ళు, అది వేరే జాతే కాదు, చాకో ప్రాంతంలో ఇప్పటికీ బతికున్న జాతిలోదే అన్నారు. బతికున్నదానికి తద్దినం పెట్టాం. మరి నిజంగా పోయినవి ఎన్ని, ఎవరూ చూడకుండా? చాకో అడవి సోయా పొలాలకీ పశువుల మేతకీ నరికేస్తున్నారు. చిలీలో పాత అడవి పోయి పైన్ తోటలు, జామాయిల్ తోటలు లేస్తున్నాయి. ఆస్ట్రేలియా చెట్టు వచ్చి ఆస్ట్రేలియా మార్సూపియల్స్ పుట్టింటివాళ్ళ నీడ తీసేయడం నేను భరించలేను.

ఇవి వెనకబడ్డ జంతువులని ఓ పాత నింద ఉంది. సుమారు 30 లక్షల ఏళ్ళ కిందట పనామా దగ్గర రెండు అమెరికాలూ కలిశాయి, ఉత్తరం నుంచి మేలైన జంతువులు దిగి దక్షిణపు వాటిని తుడిచిపెట్టాయి అని. దక్షిణపు పెద్దవి చాలా పోయిన మాట నిజం. చిన్న ఒపోసమ్‌లు పోలేదు. పైగా వాటి పెద్ద బంధువు ఉత్తరానికి నడిచి ఇవాళ కెనడా అంచుల్లో కూడా బతుకుతోంది. ఐరోపా వాళ్ళు మొట్టమొదట చూసిన సంచి జంతువు కూడా అమెరికాదే. 1500లో విసెంతె యాన్యెస్ పిన్సోన్ బ్రెజిల్ తీరం నుంచి ఒక ఒపోసమ్‌ని స్పెయిన్‌కి తీసుకెళ్ళాడు. కుక్ ఓడ ఆస్ట్రేలియా చేరింది 1770లో. వల్పరైసో దగ్గర పొదల్లో డార్విన్ పట్టిన చిన్న ఒపోసమ్ ఇవాళ థైలామిస్ ఎలిగాన్స్. మార్సూపియల్స్‌లో మొట్టమొదట జన్యుపటం తయారైంది 2007లో, అదీ కంగారూది కాదు. బ్రెజిల్ ఇళ్ళలోకి వచ్చి బొద్దింకలు తినే మోనోడెల్ఫిస్ డొమెస్టికాది. అప్పుడే పుట్టిన దాని పిల్లలో తెగిన వెన్నుపాము మళ్ళీ అతుక్కోగలదు. ప్రయోగశాలల్లో ఇంత ఉపకారం చేసే ప్రాణి పేరు మన వైద్య విద్యార్థులకి కూడా తెలియదు.

నేను అడిగేది ఎక్కువేం కాదు. పాఠ్యపుస్తకాలు మళ్ళీ రాయించేటప్పుడు ఆ "కూడా" తీసేయండి. ఆస్ట్రేలియా పటం పక్కన దక్షిణ అమెరికా పటం వేసి, చిలీ అడవి దగ్గర, అండీస్ మీద ఆ మూడు చోట్లా, పటగోనియా చివరా చుక్కలు పెట్టండి. అంటార్కిటికా మీదుగా ఒక బాణం గీయండి. కింద నాలుగు వాక్యాలు చాలు, అవి నేను రాసిస్తాను, పారితోషికం అక్కర్లేదు. ఆ తిరిగొచ్చిన వ్యాసం, జత చేసిన బొమ్మ ఇంకా నా బీరువాలోనే ఉన్నాయి. వెదురు కొమ్మని రెండు చేతులతో పట్టుకుని, పెద్ద కళ్ళతో చూస్తూ ఉంటుంది. ఈసారి ఎవరైనా అడిగితే అదే పంపుతాను. బొమ్మ ఎలుకలా ఉంటే ఉండనివ్వండి, కింద దాని పేరు మాత్రం సరిగ్గా వేయండి.